యూరప్ అండర్-18 ఐస్ హాకీ చాంపియన్‌షిప్ ఏమైపోయింది? నవంబర్‌లో పుట్టిన పిల్లాడికి ఆ దారి ఉందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. ఫిన్లాండ్‌లోని ఎస్పూలో ఉంటున్నారు. బాబుకి 11 ఏళ్ళు, పుట్టింది నవంబర్ చివర్లో. ఐస్ హాకీ మొదలుపెట్టి మూడేళ్ళయింది. ఈ సీజన్‌లో జట్టును రెండుగా విడదీసినప్పుడు వాణ్ణి కింది జట్టులో వేశారు. వాడు ఏడుస్తుంటే ఇంకో పిల్లాడి తాతగారు దగ్గరికొచ్చి, 'యారి కుర్రి కూడా ముందు నూర్తెన్ ఇఎమ్‌లోనే పేరు తెచ్చుకున్నాడు' అని ఏదో చెప్పారు. ఇంటికెళ్ళి వెతికితే అది యూరప్ జూనియర్ చాంపియన్‌షిప్ అనీ, 1998తో ఆగిపోయిందనీ తేలింది. అదేంటి, ఎందుకు ఆపేశారు, ఇప్పుడు దాని బదులు ఏముంది, మన పిల్లలకు అక్కడిదాకా వెళ్ళే వీలుందా అని అడిగారు.

నేను తాంపెరెలో 18 ఏళ్ళుగా ఉంటున్నాను. సొంతూరు ఖమ్మం పక్కన. చిన్నప్పుడు నాకు ఐస్ అంటే సైకిల్ మీదొచ్చే పుల్ల ఐసే. హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడింది. మా వాడు ఇక్కడ ఆరో ఏట నుంచి పదహారు దాకా ఆడాడు. నేను స్కేట్స్ కట్టుకుంటే ఇప్పటికీ గోడ వదలను. కానీ ఇక్కడ తల్లిదండ్రులు వంతులవారీగా పనులు చెయ్యాలని మీకు తెలిసే ఉంటుంది. కొందరు కాఫీ అమ్ముతారు, కొందరు జట్టు ఖర్చుల కోసం ఇంటింటికీ టాయిలెట్ పేపర్ కట్టలు అమ్ముతారు. అమ్మకం నావల్ల కాక స్కోరు బల్ల దగ్గర కూర్చున్నాను. గడియారం ఆపడం, గోల్స్, పెనాల్టీలు రాసుకోవడం, పదేళ్ళు అదే పని. బయటి ఊళ్ళ నుంచి, బయటి దేశాల నుంచి టోర్నమెంట్లకు జట్లు వస్తే వాళ్ళ పేర్ల జాబితాలు మా బల్ల మీదే పడేవి. పేరు, చొక్కా నంబరు, పుట్టిన తేదీ. ఆ మూడో గడి గురించి తర్వాత చెప్తాను. మీకు అసలు కావలసింది అక్కడే ఉంది.

ముందు చరిత్ర. ఈ టోర్నమెంటును నడిపింది అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య, అంటే ఐఐహెచ్‌ఎఫ్. 1967లో సోవియట్ యూనియన్‌లోని యారొస్లావ్ల్‌లో అనధికారికంగా ఒకసారి ఆడించి చూశారు. అధికారికంగా మొదటిది 1968లో మా ఊళ్ళోనే, తాంపెరెలో. ఇక్కడే ఎందుకంటే, ఫిన్లాండ్‌లో పైకప్పున్న మొదటి ఐస్ హాల్ హాకామెట్సా అప్పటికి మూడేళ్ళ కిందటే, 1965 ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం కట్టింది. మిగతా ఊళ్ళలో పిల్లలు ఆరుబయటే, మంచు ఊడ్చుకుంటూ ఆడుకునేవాళ్ళు. ఆ మొదటిసారి చెకొస్లొవాకియా గెలిచింది. మొదట్లో వయసు పరిమితి 19 లోపు. 1977 నుంచి 18 లోపుకి దించారు. 1968 నుంచి 1998 దాకా ఒక్క ఏడు కూడా తప్పకుండా 31 సార్లు జరిగింది.

ఆ 31లో సోవియట్ యూనియన్‌వి 11, స్వీడన్‌వి 10, చెకొస్లొవాకియావి 5, ఫిన్లాండ్‌వి 4. మిగిలిన ఒక్కటి 1996లో ఉఫాలో రష్యా పేరుతో వచ్చింది. ఇవి తప్ప ఇంకే దేశానికీ ఒక్క స్వర్ణం కూడా లేదు. జర్మనీ, స్విట్జర్లాండ్, నార్వే, పోలండ్ ఎన్నిసార్లు ఆడినా, ఎన్నిసార్లు ఆతిథ్యమిచ్చినా అంతే. 1985లో ఫ్రాన్స్‌లో ఆంగ్లెట్ అనే ఊళ్ళో పెట్టారు. అట్లాంటిక్ ఒడ్డున అలల మీద సర్ఫింగ్ చేసే ఊరది. మన భీమిలిలో ఐస్ హాకీ పెట్టినట్టు. అక్కడ కూడా స్వీడనే గెలిచింది.

సోవియట్ వాళ్ళకు అన్ని ఎలా వచ్చాయని మా వాడు చిన్నప్పుడు అడిగేవాడు. నాకు తోచిన జవాబు, వాళ్ళు పిల్లల్ని వెతికిన తీరు. అనతోలి తరాసోవ్ అనే కోచ్ 1964లో 'బంగారు పక్' (పక్ అంటే ఐస్ హాకీలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) పేరుతో వీధి పిల్లల జట్లకు దేశమంతా పోటీ మొదలుపెట్టాడు. క్లబ్బుతో పని లేదు, పేటలోంచి పదిమంది కూడితే జట్టే. అంత పెద్ద వల వేశాక పైకొచ్చిన వాళ్ళు ఎలా ఉంటారు? 1969, 70, 71 వరసగా మూడు స్వర్ణాలు. గోల్‌కీపర్ వ్లదిస్లావ్ త్రెత్యాక్ ఆ తరం కుర్రాడే. వాళ్ళ చివరి స్వర్ణం 1989లో కీవ్‌లో వచ్చింది. తర్వాత పెద్ద స్టార్ అయిన పావెల్ బూరె ఆ జట్టులో ఉన్నాడు. తర్వాత రెండేళ్ళకు ఆ దేశమే లేదు.

ఇక తాతగారు చెప్పిన యారి కుర్రి. పేరు వినగానే మనకు కుర్రాడే గుర్తొస్తాడు, అప్పుడు నిజంగానే కుర్రాడు. 1960 మే 18న పుట్టాడు. 1978లో హెల్సింకిలో ఈ టోర్నమెంట్ జరిగింది. స్వర్ణం ఎవరిదో తేల్చే మ్యాచ్‌లో ఎదురుగా సోవియట్ జట్టు. అదనపు సమయంలో గెలుపు గోలు కుర్రి కొట్టాడు. ఫిన్లాండ్ హాకీకి అంతర్జాతీయ స్థాయిలో వచ్చిన మొదటి స్వర్ణం అదే. పెద్దల జట్టు ప్రపంచ చాంపియన్ కావడానికి ఇంకో 17 ఏళ్ళు, 1995 దాకా ఆగాల్సి వచ్చింది. అందుకే ఇక్కడ అరవై దాటిన వాళ్ళకు 'నూర్తెన్ ఇఎమ్' అనే మాటకు అంత బరువు. కుర్రి తర్వాత కెనడాలోని ఎడ్మంటన్ వెళ్ళి ఐస్ హాకీ దిగ్గజం గ్రెట్జ్‌కీ పక్కన ఆడాడు. అక్కడ అయిదు స్టాన్లీ కప్పులు, అంటే ఉత్తర అమెరికా పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ కప్పులు, గెలిచాడు. అది వేరే కథ.

పోటీ ఎలా నడిచేదో తెలిస్తే ఎందుకు ఆగిందో కూడా సగం అర్థమవుతుంది. పైన ఎ గ్రూపులో ఎక్కువ ఏళ్ళు ఎనిమిది జట్లు. కింద బి, ఆ కింద సి. ఎలో చివర నిలిచినవాళ్ళు బికి దిగాలి, బిలో గెలిచినవాళ్ళు పైకెక్కాలి. ఎలో చాలా ఏళ్ళు ఫైనల్ అనే మ్యాచే లేదు. ముందు రెండు చిన్న గ్రూపులు, వాటిలో పైన నిలిచినవాళ్ళతో చివరి గ్రూపు, అందులో పాయింట్లు ఎవరికి ఎక్కువైతే వాళ్ళే చాంపియన్. గెలిస్తే 2, డ్రా అయితే 1. పాయింట్లు సమానమైతే గోల్స్ తేడా చూస్తారు. ఐపీఎల్ లీగ్ దశ చివర్లో మనం నెట్ రన్ రేట్ లెక్కలు వేసుకుంటూ కూర్చుంటాం చూడండి, అదే తంతు. కాకపోతే ఇక్కడ ఆ లెక్కతో కప్పే ఇచ్చేసేవాళ్ళు.

1998లో చివరి టోర్నమెంట్ స్వీడన్‌లో, దలార్నా ప్రాంతంలోని మాలుంగ్, మోరా ఊళ్ళలో జరిగింది. మోరా అంటే వాసలొప్పెట్ స్కీ పరుగు ముగిసే ఊరు. 90 కిలోమీటర్లు స్కీ చేసి వచ్చేవాళ్ళ కోసం ఊరంతా రోడ్డు పక్కన నిలబడుతుంది. అలాంటి చోట ఆఖరి మ్యాచ్ స్వీడన్, రష్యాల మధ్య. మామూలుగా గెలిస్తే స్వీడన్‌కు స్వర్ణం రాదు, ఫిన్లాండ్‌ను దాటాలంటే కనీసం నాలుగు గోల్స్ తేడాతో గెలవాలి. ఆ వయసులో, ఆ స్థాయిలో, రష్యా మీద నాలుగు గోల్స్ తేడా అంటే మాటలు కాదు. స్వీడన్ 5-1తో గెలిచింది. సరిగ్గా నాలుగు. వాటిలో రెండు డానియెల్ సెదిన్ కొట్టాడు. వాడికి కవల సోదరుడు హెన్రిక్ ఉన్నాడు. ఇద్దరూ తర్వాత వాంకూవర్‌లో 17 సీజన్లు కలిసి ఆడారు. యూరప్ చాంపియన్‌షిప్ అలా గోల్స్ తేడా లెక్కతో మూతపడింది.

ఎందుకు మూసేశారు? డబ్బుల్లేక కాదు, జనం రాక కాదు. నా లెక్కలో మూడు సంగతులు ఒకేసారి కలిశాయి.

మొదటిది అమెరికా. 1996లో వాళ్ళు మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో జాతీయ జట్టు శిక్షణ కేంద్రం పెట్టారు. దేశంలో బాగా ఆడే పదహారు, పదిహేడేళ్ళ పిల్లల్ని ఒకచోట చేర్చి రెండేళ్ళు కలిపి ఆడించడం దాని పని. అలా తయారైన జట్టుకు పెద్ద వేదిక కావాలి కదా. రెండోది ఎన్‌హెచ్‌ఎల్. జూన్‌లో జరిగే డ్రాఫ్ట్‌కు (క్లబ్బులు కొత్త కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకునేది) ముందు, ఏప్రిల్‌లో 18 ఏళ్ళ లోపు పిల్లలందర్నీ ఒకే చోట చూడగలిగితే ఆటగాళ్ళను వెతికే వాళ్ళ స్కౌట్లకు పని తేలిక. యూరప్ పిల్లలు ఒక ఖండంలో, అమెరికా పిల్లలు ఇంకో ఖండంలో ఆడుతుంటే ఇద్దర్నీ పోల్చడం ఎలా? 1990ల్లో యూరప్ ఆటగాళ్ళు అక్కడికి వెళ్ళడం మామూలైపోయింది. 1998లోనే నగానో ఒలింపిక్స్‌లో ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్ళు మొదటిసారి ఆడారు. ఇక యూరప్ ఒక్కదానికీ గోడ కట్టుకుని కూర్చోవడంలో అర్థం లేకపోయింది.

మూడోది పటం మారడం. సోవియట్ యూనియన్ ముక్కలైంది, చెకొస్లొవాకియా రెండైంది. లాత్వియా, బెలారుస్, ఉక్రెయిన్, స్లొవాకియా లాంటివి ఒక్కసారిగా వరసలోకి వచ్చాయి. పాత దేశం పేరున్న స్థానం రష్యాకు, చెక్‌కు దక్కింది, మిగతావాళ్ళు కిందినుంచి ఎక్కాలి. పెద్దల జట్లలో అయితే స్లొవాకియా 1994లో సి గ్రూపులో ఆడి, 95లో బి, 96లో ఎకి చేరింది. ప్రపంచ స్థాయి జట్టు, ఆడింది మూడో మెట్టు మీద. అన్నదమ్ములు వేరుపడ్డాక పెద్దవాడికి ఇల్లు, చిన్నవాడికి గొడ్లచావడి ఇచ్చినట్టు. ఎలాగూ మెట్లన్నీ కొత్తగా కట్టుకోవాలి కాబట్టి ప్రపంచానికంతా సరిపడేలా కట్టేద్దాం అనుకున్నారని నా ఊహ.

అలా 1999లో జర్మనీలోని ఫ్యూసెన్, కౌఫ్‌బోయిరన్ ఊళ్ళలో మొదటి ప్రపంచ అండర్-18 చాంపియన్‌షిప్ జరిగింది. మన ఫిన్లాండే గెలిచింది. (ఇన్నేళ్ళయ్యాక 'మన' అనేస్తున్నాను, ఏమనుకోకండి.) మరుసటి ఏడూ ఫిన్లాండే. కెనడా 2002 దాకా రానే లేదు. వచ్చాక కూడా పూర్తి బలంతో రాదు, ఎందుకంటే ఏప్రిల్‌లో వాళ్ళ జూనియర్ లీగుల ప్లేఆఫ్స్ నడుస్తుంటాయి. ముందుగా ఓడి ఇంటికొచ్చిన జట్ల పిల్లల్ని పోగేసి పంపుతారు. అయినా గెలుస్తుంటారు, అది వేరు సంగతి. ఎక్కువ లాభపడింది అమెరికా. ఏడాదంతా కలిసి ఆడే జట్టు కాబట్టి పదికి పైగా స్వర్ణాలు వాళ్ళవే.

నష్టపోయింది స్వీడన్. యూరప్ పోటీలో పది స్వర్ణాలు గెలిచిన దేశం ప్రపంచ పోటీ మొదలయ్యాక ఇరవై ఏళ్ళు ఒక్కటి కూడా గెలవలేకపోయింది. ఫైనల్ దాకా వెళ్ళడం, ఓడిపోవడం. చివరికి 2019లో సొంతగడ్డ మీద, ఓర్న్‌షోల్డ్‌స్విక్‌లో, రష్యా మీద 4-3తో అదనపు సమయంలో గెలిచింది. లూకస్ రేమండ్ మూడు గోల్స్ కొట్టాడు, ఆఖరిదీ వాడిదే. ఆ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 1990లో యూరప్ పోటీ అక్కడా, సొల్లెఫ్తియోలోనూ జరిగితే అప్పుడూ స్వీడనే గెలిచింది. పీటర్ ఫోర్స్‌బెర్గ్ ఆ ఊరివాడు, సెదిన్ కవలలు ఆ ఊరివాళ్ళు, విక్టర్ హెద్మన్ ఆ ఊరివాడు. చుట్టుపక్కల పల్లెలన్నీ కలిపినా ఆ మున్సిపాలిటీలో ఉండేది 55 వేల మందే. మన దగ్గర ఒక మండలం నుంచి నలుగురు టెస్ట్ ఆటగాళ్ళు వచ్చినట్టు. 

మీ ప్రశ్నలో ఒక చిన్న సవరణ. యూరప్ పిల్లల జట్ల మధ్య పోటీలు పూర్తిగా పోలేదు. చాంపియన్‌షిప్ అనే పేరు పోయింది. రెండేళ్ళకోసారి యూరప్ యువ ఒలింపిక్ పండుగ శీతాకాలంలో జరుగుతుంది, అందులో ఐస్ హాకీ ఉంటుంది. అది ఇంకా చిన్న వయసువాళ్ళకు. అదికాక ఫిన్లాండ్, స్వీడన్, చెక్, స్లొవాకియా, స్విట్జర్లాండ్, జర్మనీ తమలో తాము నాలుగైదు జట్ల టోర్నమెంట్లు ఏడాది పొడుగునా ఆడుకుంటూనే ఉంటాయి. టికెట్టు కూడా అక్కర్లేనివి చాలా ఉంటాయి. మీ బాబును వాటికి తీసుకెళ్ళండి. నా మటుకు టీవీలో ప్రపంచ చాంపియన్‌షిప్ చూసేదానికంటే అవే ఎక్కువ నేర్పిస్తాయి, రింక్ చుట్టూ ఉండే అద్దం పక్కన నిలబడితే పాస్ చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆగస్టులో హ్లింకా గ్రెట్జ్‌కీ కప్ జరుగుతుంది, అదీ 18 లోపు పిల్లలదే, దానికి కెనడా మంచి జట్టును పంపుతుంది, అప్పుడు వాళ్ళకు లీగ్ లేదు కాబట్టి. రష్యా, బెలారుస్ జట్లను 2022లో ఐఐహెచ్‌ఎఫ్ పక్కన పెట్టడంతో పాత లెక్కలన్నీ మారిపోయాయి.

ఇప్పుడు ఆ మూడో గడి.

ఇక్కడ పిల్లల జట్లన్నీ పుట్టిన ఏడాదిని బట్టి ఉంటాయి. అంతర్జాతీయ పోటీల్లోనూ అదే పద్ధతి. జనవరి 1 గీత. జనవరి 2న పుట్టినవాడూ, మీ బాబులా నవంబర్ చివర్లో పుట్టినవాడూ ఒకే జట్టు. ఇద్దరికీ మధ్య దాదాపు 11 నెలలు. 30 ఏళ్ళప్పుడు 11 నెలలు ఎవడికి కావాలి? కానీ పదకొండేళ్ళ వాడికి అది బతికిన బతుకులో పన్నెండో వంతు. అవతలి వాడు మూడు వేళ్ళ ఎత్తెక్కువ, ఒక సీజన్ ఎక్కువ ఆడాడు. కోచ్‌కు వాడు 'ప్రతిభ గలవాడు'గా కనిపిస్తాడు, పై జట్టులో వేస్తాడు. పై జట్టుకు ఐస్ మీద ఎక్కువ సమయం, మంచి కోచ్, గట్టి పోటీ. రెండేళ్ళు తిరిగేసరికి వాడు నిజంగానే బాగా ఆడతాడు. కోచ్ మాట నిజమైందని అందరూ అనుకుంటారు.

నా బల్ల మీద పడే జాబితాల్లో నేను ఇది చూశాను. ఏ దేశం నుంచి జట్టు వచ్చినా, పిల్లల్ని ఏరి తెచ్చిన జట్టయితే జనవరి, ఫిబ్రవరి, మార్చి వరసగా కనిపించేవి. మొదట్లో ఏదో కాకతాళీయం అనుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, కెనడాలో రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల్లోనే దీన్ని లెక్కగట్టి చూపించాడని. ఆయనకు ఆ ఆలోచన వచ్చింది కూడా నాలాగే. జూనియర్ మ్యాచ్‌కు వెళ్ళినప్పుడు ఆయన భార్య చేతిలోని జట్టు జాబితా చదువుతూ, వీళ్ళ పుట్టినరోజులు చూడు అందట. 1985లో అచ్చయింది. తెలిసి నలభై ఏళ్ళయినా ఎక్కడా పెద్దగా మారలేదు. మా క్లబ్బులో సమావేశం పెడితే అందరూ అవునవును అని తలూపుతారు, తర్వాతి వారం జట్టు ఏరేటప్పుడు ఎత్తుగా ఉన్నవాణ్ణే ఏరతారు. 

అయితే దీనికి రెండో వైపు ఉంది. 2013లో ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్ మీద ఒక పరిశోధన వచ్చింది. ఏడాది రెండో సగంలో పుట్టిన కెనడా కుర్రాళ్ళను డ్రాఫ్ట్‌లో వెనక ఎంచుకుంటున్నారు, కానీ ఆ స్థానానికి ఉండాల్సిన దానికంటే బాగా ఆడుతున్నారని తేలింది. అర్థం చేసుకోవడం కష్టం కాదు. చిన్న ఒళ్ళుతో పెద్దవాళ్ళ మధ్య నిలబడాలంటే కళ్ళు పనిచెయ్యాలి, పక్ రాకముందే ఎక్కడికి పంపాలో తెలియాలి. పదహారేళ్ళకు ఒళ్ళు సమానమైతే ఆ తెలివి వీడికి మిగులుతుంది.

సెదిన్ కవలలు ఎప్పుడు పుట్టారో చూడండి. 1980 సెప్టెంబర్ 26. మోరాలో ఆడినప్పుడు వాళ్ళకు 17 ఏళ్ళు, జట్టులో చిన్నవాళ్ళలో లెక్క. ఇక్కడ ఇంకో గమ్మత్తు. జాతీయ జట్లకు గీత జనవరి 1 అయితే ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌కు గీత సెప్టెంబర్ 15. అదే ఏడు సెప్టెంబర్ 15న పుట్టుంటే 1998లోనే డ్రాఫ్ట్‌కు వెళ్ళేవాళ్ళు. 11 రోజులు ఆలస్యంగా పుట్టినందుకు ఇంకో ఏడాది ఇంట్లో, సొంతూరి క్లబ్బులో పెద్దలతో ఆడే అవకాశం దొరికింది. 1999లో వాంకూవర్ వాళ్ళిద్దర్నీ రెండు, మూడు స్థానాల్లో తీసుకుంది. అంటే ఒక గీత దగ్గర చిన్నవాడైనవాడు ఇంకో గీత దగ్గర పెద్దవాడవుతాడు. మీ బాబుకూ అంతే, నవంబర్ పుట్టుక డ్రాఫ్ట్ లెక్కలో పెద్ద వయసు వైపు వస్తుంది. పదకొండేళ్ళ వాడి గురించి డ్రాఫ్ట్ మాట ఎత్తకూడదు, నాకూ తెలుసు. లెక్క తిరగబడుతుందని చెప్పడానికి ఎత్తాను.

అందుకని కింది జట్టు గురించి నా మాట సూటిగా చెప్తాను. ఈ వయసులో జట్టు పేరు చివరున్న ఎ, బి అక్షరం కాదు, వారానికి ఎన్నిసార్లు పక్ వాడి కర్రకు తగులుతోంది అన్నది చూడండి. పై జట్టులో నాలుగో వరసలో బెంచీ మీద కూర్చునేదానికంటే కింది జట్టులో ప్రతి రెండో నిమిషం మంచు మీద ఉండటం మేలు. మా వాడు రెండూ చూశాడు. పై జట్టులో ఉన్న ఏడాది వాడు నేర్చుకున్నదల్లా తలుపు తియ్యడం, వెయ్యడం. (బెంచీ చివర కూర్చున్నవాడి డ్యూటీ అది.) కోచ్‌తో మాట్లాడేటప్పుడు 'ఎందుకు వేశారు' అని అడగొద్దు, 'ఈ సీజన్‌లో ఏది బాగుపడాలి' అని అడగండి. ఫిన్లాండ్ కోచ్‌లు మొదటిదానికి గోడవైపు చూస్తారు, రెండోదానికి పావుగంట మాట్లాడతారు.

జాతీయ స్థాయి ఏరివేత ఇక్కడ అంత తొందరగా మొదలవ్వదు, అది ఫిన్లాండ్‌లో మంచి సంగతి. 15 ఏళ్ళ వాళ్ళకు ప్రాంతాల జట్ల మధ్య పోహ్యోలా క్యాంప్ జరుగుతుంది. జాతీయ అండర్-16 జట్టు మీద దృష్టి అక్కడ పడుతుంది. అంటే మీకు ఇంకా నాలుగేళ్ళుంది. ఈలోపు స్కేటింగ్ ఒక్కటి వదలొద్దు. మెడ పట్టీ మాత్రం ఎంత ఉక్కపోసినా తియ్యనివ్వకండి. అంతర్జాతీయ జూనియర్ పోటీల్లో అది తప్పనిసరి, 18 లోపు వాళ్ళకు ముఖమంతా కప్పే మాస్క్ కూడా. 2023 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో స్కేట్ అంచు మెడకు తగిలి ఆడం జాన్సన్ చనిపోయాక పెద్దల పోటీలకు కూడా ఐఐహెచ్‌ఎఫ్ దాన్ని తప్పనిసరి చేసింది.

చివరిది పాస్‌పోర్టు. ఏ దేశానికి ఆడాలంటే ఆ దేశపు పౌరసత్వం ఉండాలి. అందులో మినహాయింపు లేదు. పుట్టుకతో కాక తర్వాత పౌరసత్వం వచ్చినవాళ్ళు ఆ దేశపు పోటీల్లో కనీసం 16 నెలలు వరసగా ఆడి ఉండాలని కూడా ఐఐహెచ్‌ఎఫ్ అడుగుతుంది. ఇక్కడే ఆడుతూ పెరిగిన పిల్లలకు అది ఇబ్బంది కాదు. ఇబ్బంది పౌరసత్వమే. ఫిన్లాండ్ 2024 అక్టోబర్ నుంచి మామూలు నివాస కాలాన్ని 8 ఏళ్ళకు పెంచింది. పిల్లలకు, భాష వచ్చినవాళ్ళకు వేరే లెక్కలున్నాయి, మీ కేసుకు ఏది వర్తిస్తుందో మిగ్రి (ఇక్కడి వలస శాఖ) వాళ్ళనే అడగండి. ఫిన్లాండ్ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకిచ్చే ఓసీఐ కార్డుతో ఇండియాకు ఆడనివ్వరు, 2008 నుంచి భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకే జాతీయ జట్టులో చోటు.

ఇండియాకు ఐస్ హాకీ జట్టు ఉందా అని మీరు నవ్వుకుంటారేమో, ఉంది. 1989 నుంచి ఐఐహెచ్‌ఎఫ్‌లో సభ్య దేశం. ఆడేవాళ్ళలో ఎక్కువమంది లద్దాఖ్ వాళ్ళు, లేహ్‌లో చలికాలం గడ్డకట్టిన చెరువుల మీద నేర్చుకున్నవాళ్ళు. ఆసియా చాలెంజ్ కప్‌లో 2009లో మొదటిసారి ఆడారు. ప్రపంచ అండర్-18లో మాత్రం మనకు జట్టు లేదు. కాబట్టి ఆ పోటీలో మీ బాబు ఎప్పుడైనా ఆడితే సింహం బొమ్మున్న ఫిన్లాండ్ చొక్కాలోనే ఆడాలి. ఈ నిర్ణయం హాకీ కోసం తీసుకునేది కాదు, ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవలసింది.

తాంపెరె వైపు వస్తే వాప్రీకి మ్యూజియంలో ఫిన్లాండ్ హాకీ మ్యూజియం ఉంది, బాబును తీసుకురండి. పాత తోలు గ్లవ్స్, పేళ్ళు లేచిన కర్రలు చూసి వాళ్ళు నమ్మలేరు. ఒక సంగతి మీరు రాయలేదు. వాడు ఫార్వర్డా, డిఫెన్సా? డిఫెన్స్ అయితే వెనక్కి స్కేట్ చెయ్యడం గురించి ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి. రాయండి, వీలు చూసుకుని జవాబిస్తాను.